అరకు వెళ్దాం, సరే! ఎలా వెళ్దాం?

మన కళాశాలలో విహారయాత్ర అనగానే అందరి నోటా మొదట వచ్చే మాట అరకు. తెల్లవారుతూనే కిరండూల్ పాసింజరెక్కడం, సొరంగం వచ్చినప్పుడల్లా కేకలేయడం, బొర్రా గుహలు, థింసా నృత్యం, పచ్చని వలిసె పూలలో ఫొటోలు, రాత్రికి తిరిగి విశాఖ. ఏటా ఇదే పట్టిక. సరదా వద్దనడానికి నేనెవర్ని? కాని ఈ పట్టికలో అక్కడి మనుషులకు చోటు లేదు. అదే నా అభ్యంతరం.

వలిసె సంగతే చూడండి. మనకది పూలతోట, గిరిజన రైతుకది నూనెగింజల పంట. వానమీద ఆధారపడి వేసిన చేను నవంబరు ప్రాంతంలో పూస్తుంది. తేనెటీగలు వాలి పరాగం మోస్తేనే గింజ బాగా కడుతుంది. అలాంటి చేను ఫొటోల కోసం తొక్కుతుంటే, కొందరు రైతులు లోపలికి దిగినందుకు డబ్బు అడుగుతున్నారు. "పూలు చూడ్డానికి కూడా డబ్బులా?" అని మనవాళ్ళు విసుక్కుంటారు. మాదీ వ్యవసాయ కుటుంబమే. పూతకొచ్చిన నువ్వుచేలో ఎవరైనా అడ్డదారిన నడిస్తే మా నాన్న ఊరుకోడు. మొక్క విరిగితే పోయేది ఇంటికి రావలసిన గింజ. ఆ లెక్కన వాళ్ళడిగేది తక్కువే.

మనం సరదాగా ఎక్కే ఆ రైలుమార్గాన్ని 1960లలో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి చేర్చి జపానుకి పంపడానికి. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన సమత కేసు పుట్టింది కూడా బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలోనే. గుహలో సున్నపురాయి ఎలా కరిగి పేరుకుంటుందో మనకు పాఠం ఉంది. గుహ బయట ఉన్నవాళ్ళు తమ నేల కోసం ఏం పడ్డారో ఎవరు చెబుతారు?

అందుకని నా మనవి ఇది. వచ్చే యాత్ర రెండు రోజులు ఉండాలి. వారపు సంత రోజు చూసుకుని బయల్దేరాలి. పసుపు, పిప్పళ్ళు, రాజ్మా ఏది కొన్నా పండించినవాళ్ళ దగ్గరే, గీచిగీచి బేరమాడకుండా కొనాలి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ! ఆ సాగు ఎలాగో రైతునే అడిగి రాసుకోవాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన పంట అది. వృక్షశాస్త్రం వాళ్ళకి అంతకుమించిన ప్రయోగశాల దొరకదు. మనిషిని అడక్కుండా ఫొటో తీయకూడదు, చేనుగట్టు దాటకూడదు.

యూనియన్ పెద్దలు ఈసారి పట్టిక వేసేముందు ఇవి ఆలోచిస్తారని ఆశిస్తాను. ఖర్చు పెరుగుతుందంటారేమో, ఒకపూట టిఫిను తగ్గించుకుందాం!