అప్పడాల కర్రకి ఏ సెక్షన్?

2019 డిసెంబర్ 6, శుక్రవారం. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో నేనుండే హాస్టల్. పొద్దున ఏడున్నరకే టీవీ ముందు నిలబడటానికి చోటు లేదు. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో తెల్లవారుజామున నలుగురినీ కాల్చేశారని స్క్రోలింగ్. కోచింగ్‌కి వెళ్ళాల్సిన పిల్లలు బ్యాగులు భుజాన వేసుకునే చప్పట్లు కొడుతున్నారు. ఎవరో పంజగుట్ట దాకా వెళ్ళి లడ్డూలు తెచ్చారు. తలా ఒకటి పంచారు. నేనూ తీసుకున్నాను. తిన్నాను కూడా. అప్పటికి నా పీహెచ్‌డీ పూర్తయి రెండేళ్ళు. తెలుగు కథల్లో స్త్రీలపై హింస గురించి నాలుగొందల పేజీలు రాసినదాన్ని.

తీసుకోనిది ఒక్క నా రూమ్మేటే. ఆమె పేరు రాయను, ఊరు కూడా రాయను. నాకంటే ఆరేళ్ళు చిన్నది. సాయంత్రం మంచం మీద కూర్చుని నెమ్మదిగా అంది: “వాళ్ళది ఆత్మరక్షణ అంటున్నారక్కా. నాది మాత్రం మూడొందల ఇరవైనాలుగు.”

2017లో ఒక రాత్రి ఆమె భర్త బెల్టుతో కొట్టాడు. అది మొదటిసారి కాదు. కొట్టి అలిసిపోయి, అన్నం పెట్టమని కూర్చున్నాడు. “తిన్నాక నీ సంగతి చూస్తా” అన్నాడు. ఆమె వడ్డించింది. చపాతీలు వత్తిన కర్ర చేతిలోనే ఉంది. అతను కంచం మీదికి వంగినప్పుడు తల మీద కొట్టింది. ఆరు కుట్లు. స్టేషన్‌లో ఆమె వీపు మీది వాతలు ఎవరూ చూడలేదు, అతని కట్టు అందరికీ కనిపించింది. ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచినందుకు ఐపీసీ 324. మూడేళ్ళ దాకా శిక్ష పడే నేరం. కర్రను పంచనామా చేసి స్వాధీనం చేసుకున్నారు.

మన వారపత్రికల కార్టూన్లు అప్పడాల కర్రని ఎన్ని దశాబ్దాలు నవ్వులకి వాడుకున్నాయో! గుమ్మం వెనక కర్రతో పొంచి ఉన్న లావాటి భార్య, బెదురుతూ ఇంటికొచ్చే మొగుడు. ఆ జోకుకి మనమూ నవ్వాం. నిజంగా ఒక కర్ర లేచినప్పుడు మాత్రం అది చార్జిషీటులో ఎక్కుతుంది.

చట్టం ఏమంటోందో చూద్దాం. ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఆత్మరక్షణ హక్కు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో అవే 34 నుంచి 44. నంబర్లు మారాయి గానీ లోపలి మనిషి మారలేదు. ఆ మనిషి మగవాడు. దారిలో ఇంకో మగవాడు కత్తితో ఎదురైతే వెంటనే తిరగబడగలిగినవాడు. భయం మొదలైనప్పుడు హక్కు మొదలవుతుంది, భయం ఉన్నంతసేపే ఉంటుంది. పోలీసుల్ని ఆశ్రయించే వ్యవధి ఉంటే హక్కు లేదు. అవసరానికి మించి హాని చేయకూడదు. అతను అన్నానికి కూర్చున్నప్పుడు భయం ముగిసిందా? చట్టం ముగిసిందంటుంది. “తిన్నాక చూస్తా” అన్న మాటకి అర్థం తెలిసినవాళ్ళు ఆ రాత్రి ఆ వంటింట్లో ఇద్దరే.

ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాని సందర్భాలు కొన్ని ఉన్నాయి. చావో తీవ్రగాయమో తప్పదన్న భయం, అత్యాచారం, అపహరణ వగైరా. 2013లో యాసిడ్ దాడిని కూడా చేర్చారు. ఆస్తి కోసం కూడా అంత దూరం వెళ్ళవచ్చు: దోపిడీ జరుగుతుంటే, రాత్రిపూట ఇంటికి కన్నం వేస్తుంటే. ఇప్పుడు ఒక భార్యని ఈ జాబితా ముందు నిలబెట్టండి. భర్త చేసేది అత్యాచారం కాదని పాత చట్టమూ అంది, కొత్త సంహితలో 63వ సెక్షన్ మినహాయింపూ అంటోంది. కాబట్టి ఆ క్లాజు ఆమెది కాదు. రాత్రి ఇంట్లోకి వచ్చేవాడు దొంగ కాదు, ఇంటి యజమాని. ఆ క్లాజూ ఆమెది కాదు. ఇక మిగిలింది తీవ్రగాయం. బీరువాలో నగల కోసం ఉన్నంత రక్షణ బీరువా పక్కన పడుకునే మనిషికి లేదు.

అదే హక్కు తుపాకీ చేతికి వెళితే ఎంత విశాలమవుతుందో తెలుగు నేల మీద మనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో యాసిడ్ దాడి నిందితులు ముగ్గురు. పదకొండేళ్ళకి చటాన్‌పల్లిలో నలుగురు. మొదటిసారి జిల్లా ఎస్పీ, రెండోసారి సైబరాబాద్ కమిషనర్ వి.సి. సజ్జనార్. రెండుసార్లూ కథ ఒకటే: వాళ్ళు దాడి చేశారు, పోలీసులు ఆత్మరక్షణ కోసం కాల్చారు. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పౌరహక్కుల సంఘం వేసిన కేసులో, ఇలాంటి ప్రతి చావు మీదా ఎఫ్ఐఆర్ పెట్టాలని, ఆత్మరక్షణ అనేది విచారణలో రుజువు చేసుకోవాల్సిన మాట అని చెప్పింది. నా రూమ్మేట్‌కి వర్తించిన నియమమే అది. సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది.

చటాన్‌పల్లి మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. ఆయుధాలు లాక్కున్నారన్న కథ నమ్మదగ్గది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసులని హత్యానేరం కింద విచారించాలని చెప్పింది. ఎన్‌కౌంటర్ జరిగిన రోజే హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాసి మృతదేహాల్ని భద్రపరిపించినవాళ్ళు హైదరాబాద్ స్త్రీవాద, హక్కుల కార్యకర్తలు. వాళ్ళని జనం తిట్టిన తిట్లు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ రోజు వాళ్ళ వైపు లేనందుకు నాకిప్పటికీ సిగ్గుగా ఉంది.

“అయితే ఆడవాళ్ళకీ తుపాకులివ్వండి” అంది ఒక సభలో ఒక పెద్ద రచయిత్రి. చప్పట్లు పడ్డాయి. తుపాకీ ఎవరి చేతిలో పేలుతుందో మాట్లాడుకుందాం. 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ళ కోసమని ‘నిర్భీక్’ రివాల్వర్ తెచ్చింది. ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు! అమీర్‌పేట హాస్టల్లో నెల అద్దె కట్టడానికి ట్యూషన్లు చెప్పే పిల్ల కొంటుందా? 2004 జూన్‌లో జూబ్లీహిల్స్‌లో ఒక అగ్రకథానాయకుడి ఇంట్లో కాల్పులు జరిగి ఇద్దరు గాయపడ్డారు. ఆ రివాల్వర్ లైసెన్సు ఇల్లాలి పేరిట ఉందని పత్రికలన్నీ రాశాయి. ఆత్మరక్షణ మాట అక్కడా వినిపించింది. కేసు శిక్ష దాకా వెళ్ళలేదు.

ఇక తప్పనిసరి శిక్షలు. లైసెన్సు లేని తుపాకీ వాడితే ఆయుధాల చట్టం 27వ సెక్షన్ కింద కనీసం మూడేళ్ళు, నిషిద్ధ ఆయుధమైతే కనీసం ఏడేళ్ళు. నిషిద్ధ ఆయుధం వల్ల ఎవరైనా చనిపోతే ఉరి తప్ప ఇంకో శిక్షే లేకుండా 1988లో ఒక ఉపసెక్షన్ చేర్చారు. జడ్జి మనిషినీ సందర్భాన్నీ చూడనక్కర్లేదన్నమాట. 2012లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కొట్టేసిన చట్టం మీద మోజు మాత్రం పోలేదు. చటాన్‌పల్లి జరిగిన వారానికే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది: ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు, ఉరి. మనలో చాలామందిమి మెచ్చుకున్నాం.

కఠినమైన శిక్ష ఎవరి మీద పడుతుందో చూడాలంటే అమెరికాలో ఫ్లోరిడాకి వెళ్ళాలి. 2010 ఆగస్టులో మరిస్సా అలెగ్జాండర్ అనే నల్లజాతి స్త్రీ, కాన్పయి తొమ్మిది రోజులు, తనని కొడుతూ వచ్చిన భర్తని బెదిరించడానికి ఒక్క తూటా పేల్చింది. అది గోడకి తగిలింది. ఎవరికీ గీత కూడా పడలేదు. దాడి నేరం చేస్తూ తుపాకీ చూపిస్తే మూడేళ్ళు, పేలిస్తే ఇరవై, ఎవరికైనా తగిలితే పాతికేళ్ళ నుంచి జీవితఖైదు అని అప్పట్లో అక్కడి చట్టం. జ్యూరీ పన్నెండు నిమిషాల్లో తేల్చేసింది. 2012లో ఇరవై ఏళ్ళు వేశారు. భయపడి వెనక్కి తగ్గనక్కర్లేదని గొప్పగా చెప్పుకునే ఆత్మరక్షణ చట్టం అక్కడే ఉంది. అది ఆమెకి పనిచేయలేదు. పై కోర్టు తిరిగి విచారించమన్నాక, రాజీకి ఒప్పుకుని 2015 జనవరిలో బయటికొచ్చింది, మరో రెండేళ్ళు ఇంట్లో నిర్బంధానికి. తుపాకీ నేరాలకి భయపెట్టే శిక్ష కావాలన్నవాళ్ళు మరిస్సాని ఊహించి ఉండరు. జడ్జి చేతులు కట్టేసే చట్టం మొదట కట్టేసేది ఇలాంటివాళ్ళ చేతులే.

మరి దారే లేదా? ఉంది, మన పక్కనే ఉంది. 1989లో మద్రాసు హైకోర్టు సుయంబుక్కని కేసులో, క్షణికమైన కోపం మాత్రమే కాదు, ఏళ్ళ తరబడి పేరుకున్న బాధ కూడా హత్యానేరాన్ని తగ్గించే కారణమేనని చెప్పింది. పిల్లలతో బావిలో దూకిన తల్లి కేసు అది. న్యాయస్థానం అందుకు తమిళ జానపద కథలోని నల్లతంగాళ్‌ని ఆధారం చేసుకుంది. సాహిత్యం చదువుకున్నదాన్ని, ఒక పల్లెపాటలోని దుఃఖం తీర్పులోకి నడిచి రావడం చూస్తే ఒళ్ళు జలదరించింది. 2013లో గౌహతి హైకోర్టు మంజు లక్రా కేసులో అదే దారిలో వెళ్ళింది. తనని కొడుతున్న కర్రనే తీసుకుని భర్తని కొట్టిన స్త్రీ ఆమె. అతను చనిపోయాడు. హత్య కాదని, అంతకంటే తక్కువ నేరమని తేల్చారు. కొత్త సంహిత రాసినప్పుడు దీన్ని రాతలో పెట్టే అవకాశం చేతిలో ఉండి కూడా పార్లమెంటు పాత మినహాయింపుల్నే 101వ సెక్షన్‌లోకి ఎత్తి రాసుకుంది. కొత్త చట్టాల మీద మన సభల్లోనూ దీని ఊసు నేను వినలేదు.

నా రూమ్మేట్ కేసు తీర్పు దాకా రాలేదు. భరణం వదులుకుంటే కేసు వదులుకుంటానన్నాడతను. వదులుకుంది. హైకోర్టులో రాజీ పిటిషన్ వేసి కొట్టేయించుకున్నారు. ఆమె కాగితాల మీద ఆత్మరక్షణ అన్న మాట ఎక్కడా లేదు, నేను వెతికాను.

సుయంబుక్కని, మంజు లక్రా తీర్పులు రెండూ తెలుగులోకి తేవడం మొదలుపెట్టాను. న్యాయభాష దగ్గర తడబడుతున్నాను. ఈ పత్రిక చదివే న్యాయవాదులు, మీ జిల్లా కోర్టుల్లో భర్తని గాయపరచిన స్త్రీల కేసులు, ముఖ్యంగా రాజీతో ముగిసినవి తెలిసి ఉంటే, పేర్లు తీసేసి సంపాదకులకి పంపండి.