వయసుల పట్టికలో ఇమడని జీవితాలు

చిట్కుల్‌లో ఒక మధ్యాహ్నం గోడకు పట్టిక అంటించి స్త్రీలతో కూర్చున్నాం. శైశవం, బాల్యం, కౌమారం, యవ్వనం, నడివయసు, వృద్ధాప్యం. ఏ దశలో ఏం జరిగిందో చెప్పమని అడిగాను. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద ప్యాకింగ్ పని చేసే, యాభై దాటిన ఒకామె పట్టిక వంక చూసి, "ఏండ్లు నాకు యాదికుండయి మేడం. వాగు నీళ్లు ఖరాబు గాకముందు, ఖరాబైనంక... గట్లయితే చెప్త" అంది. కౌమారం గడిలో ఆమె ఏమీ రాయించలేదు. ఆటల వయసులోనే పెళ్లయింది.

వికాసం బాల్యంతో ఆగిపోదని, అది జీవితమంతా సాగే ఎనిమిది దశలని 1950లో ఎరిక్ ఎరిక్సన్ చెప్పడం ముందడుగే. అయితే ఆ దశలు ఎవరి జీవితాన్ని చూసి గీసినవి? 1978లో డేనియల్ లెవిన్సన్ నడివయసు మీద రాసిన ప్రసిద్ధ గ్రంథానికి ఆధారం 40 మంది పురుషులు. పురుషుణ్ణే కొలబద్దగా తీసుకోవడాన్ని 1982లో కెరోల్ గిలిగన్ ప్రశ్నించింది. అంతకుముందే, 1974లో, గ్లెన్ ఎల్డర్ అమెరికా ఆర్థిక మాంద్యంలో పెరిగిన పిల్లల జీవితాలను పరిశీలించి, చరిత్ర మనల్ని ఏ వయసులో తాకిందన్నదాన్ని బట్టి జీవిత గమనం మారుతుందని చూపాడు. చిట్కుల్ స్త్రీ తన మాటల్లో చెప్పిందీ అదే. పటాన్‌చెరు పరిశ్రమల కాలుష్యం మీద 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆనాటి చంటిబిడ్డకూ, ఆ బిడ్డ తల్లికీ, పొలం పోగొట్టుకున్న ముసలమ్మకూ అది ఒకే సంవత్సరం కాదు.

దశలు వేటికవి తలుపులు మూసుకున్న గదులు కావు. ఒకదాని నష్టం మరొకదానిలో బయటపడుతుంది. 1995 ఉద్యోగుల పెన్షన్ పథకం కింద 58 ఏళ్లకు నెలనెలా పెన్షన్ రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. కాన్పులకూ, అత్తమామల సేవకూ పని మానుకున్న ఏళ్లు అందులోకి రావు. కాంట్రాక్టరు మారినప్పుడు పాత ఖాతా బదిలీ కాకపోతే పనిచేసిన ఏళ్లూ చెదిరిపోతాయి. ఆమె బిడ్డ పెళ్లికని పి.ఎఫ్.తో పాటు పెన్షన్ వాటా కూడా తీసేసుకుంది. దానితో అప్పటివరకు చేసిన సర్వీసూ పోయిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. స్త్రీ వృద్ధాప్యపు పేదరికం వృద్ధాప్యంలో మొదలవదు.

ఆ రోజు నేను తెచ్చిన పట్టికే తప్పు. ఇకమీద మన సమావేశాల్లో వయసు అడగడంతో సరిపెట్టుకోవద్దు. ఎప్పుడు పని మానింది, ఎవరి కోసం మానింది, ఆ ఏళ్లను ఎవరు లెక్కించారు అని అడుగుదాం. 2014 నుంచి ఇస్తున్న యు.ఎ.ఎన్. నంబరు ఒక్కొక్కరి దగ్గర ఉందో లేదో, పాత ఖాతాలు అందులో కలిశాయో లేదో కూర్చుని చూద్దాం. నలభై ఏళ్ల స్త్రీకి ఇంకా సమయం ఉంది. యాభై దాటిన ఆమెకు తక్కువే ఉంది.