పూలదండల సామరస్యము

పండుగలు సమీపించినప్పుడెల్ల మన పట్టణములలో మతసామరస్య సభలు జరుగుట పరిపాటి. పండితుడొకడు, మౌల్వీ యొకడు, పాస్టరొకడు వేదికపై ఆసీనులగుదురు. సర్వమతముల సారమొక్కటియే యని మువ్వురును వచింతురు. దండలు వేయబడును, ఛాయాచిత్రములు తీయబడును, జనులు ఇండ్లకు మరలుదురు. ఇట్టి సభలు వలదని మేమనము. కాని సభకు వచ్చినవాడు రానివానికన్న ఒక్క విషయమైనను అధికముగా నెరిగి పోవుచున్నాడా? అన్నియు నొక్కటే యని ముందుగనే తేల్చుకొన్నవానికి ఏ యొక్కదానిని చదువవలసిన పనియు లేకుండ పోవుచున్నది.

మన పూర్వు లింతకన్న కష్టపడిరి. ఆంధ్రభాషాచరిత్రమును రచించిన చిలుకూరి నారాయణరావుగారు హిందువులై యుండియు ఖురానును మొట్టమొదట తెలుగు చేసిరి. పిఠాపురమున సూఫీ పీఠము నధిష్ఠించిన ఉమర్ అలీషాగారు (1885-1945) తెలుగున పద్యములును నాటకములును వ్రాసి, ఉమర్ ఖయ్యామును పారశీకమునుండి తెలిగించిరి. దువ్వూరి రామిరెడ్డిగారు ఆ భాషను నేర్చియే పానశాలను రచించిరి. ఇక జాషువగారి మాట. గజనీ మహమ్మదు బంగారు నాణెము లిత్తునని వెండి నాణెము లిచ్చి వంచించిన ఫిరదౌసి కథను, ముస్లిము కవి గుండెకోతను, క్రైస్తవ కుటుంబమున పుట్టిన ఈ మహాకవి తెలుగువారిచే కన్నీట చదివించెను. ఆయన జన్మించిన వినుకొండ యెంత దూరము? అచ్చట రైలెక్కినచో దొనకొండ దాటగనే మార్కాపురము రోడ్డు!

తెలుగు ముస్లిములకు పరాయి భాషయని తలచువారు నేటికిని గలరు. మొదటి అచ్చతెలుగు కావ్యమగు యయాతిచరిత్రమును పొన్నగంటి తెలగన అంకితమిచ్చినది అమీన్ ఖానునకని వారెరుగరు కాబోలు. మార్కాపురపు పలకపై అక్షరములు దిద్దిన ముస్లిము బాలుడు పెద్దవాడై తెలుగున వ్రాసినచో, అది మన సాహిత్యము గాక మరెవరిది? అయినను మన సభలకు ఆతని నతిథిగా పిలుచుచున్నాము. అతిథిమర్యాద పరాయివానికి గదా చేయుదుము! పిలిచి, దేశభక్తిని రుజువు చేయుమన్నట్లు ఆతని ముఖము వంక చూచుచున్నాము. పుట్టిన గడ్డపై అనుమానింపబడుట యెట్టి బాధయో ఖాదర్ మొహియుద్దీన్‌గారు 1991లో పుట్టుమచ్చ యను దీర్ఘకవితలో చెప్పిరి. ఆ మాట చదువనివారు సామరస్యమును గూర్చి గంటసేపు ఉపన్యసించుట మాకు వింతగా తోచుచున్నది.

ఇచ్చట ముస్లిము పెద్దలతోను ఒక మాట. స్తోత్రమునకు సంతసించి, ప్రశ్నకు నొచ్చుకొనుట తగదు. స్త్రీల హక్కులను గూర్చియో, అన్యమతస్థులను గూర్చియో ఒక యువకుడు నిష్కపటముగా నడిగినచో కూర్చుండబెట్టి చెప్పవలెను. హిందూపండితుడును కులమును గూర్చిన ప్రశ్నకు అట్లే నిలువవలెను. అడుగుటకు చోటు లేనివాడు తన చేతిలోని ఫోను నడుగును. అది యెట్టి సమాధానము లిచ్చుచున్నదో మనకు తెలియును. ఒక్క వదంతి చాలును, ఏండ్లుగా ఎదురెదురు అంగళ్ళలో వ్యాపారము చేసికొన్నవారు పలుకరించుకొనక తలుపులు మూసికొనుటకు.

కావున మార్కాపురము, కంభము, గిద్దలూరు పట్టణములలో సభలు జరుపు మిత్రులకు మా మనవి యిది: నెలకొక సాయంకాలము ఒక్క పుస్తకము చేతబట్టి కూర్చుండుడు. ఒకనాడు ఖురాను అనువాదము, ఒకనాడు ఫిరదౌసి, ఒకనాడు ఖదీర్‌బాబుగారి దర్గామిట్ట కథలు. ఒకరు చదువవలెను, తక్కినవారు అడుగవలెను. ఉపన్యాసము పావుగంటకు మించరాదు. దండల ఖర్చుతో పుస్తకములే కొనవచ్చును. ముందుగా, మన గ్రంథాలయపు బీరువాలో వీనిలో ఎన్ని యున్నవో పాఠకులు రేపు పోయి చూచి రావలెను.