లేపాక్షి కప్పుమీద ఎవరి చరిత్ర?

లేపాక్షి బొమ్మలనుగురించి మన పక్షంలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. అది గుడి, గుడి అంటే భూస్వామ్యానికి పెట్టనికోట, కనుక అందులోని చిత్రాలతో అభ్యుదయవాదికి పని లేదు. ఇదీ ఆ వాదం. విజయనగర యుగాన్ని స్వర్ణయుగమని వల్లెవేసే పండితులతో పోట్లాడీ పోట్లాడీ మన మిత్రులు ఈ మాటకు వచ్చారని నేనెరుగుదును. అయినా ఆ మాట చెల్లదు. పండితుడు పొగిడిందల్లా మనం వదులుకొంటూ పోతే చివరకు మన తాతల చేతిపని కూడా అతని ఖాతాలోనే జమపడుతుంది.

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో వున్న చిన్న వూరది. అక్కడి వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల (1529–42) కాలంలో పెనుకొండ సీమలో అధికారం చలాయించిన విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ కట్టించారు. నేను విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్ళినపుడు దారి చూపిన మనిషి రెండు కథలు చెప్పాడు. పడిపోయిన జటాయువును రాముడు ‘లే పక్షీ’ అన్నాడట. రాజుగారి సొమ్ము గుడికి ఖర్చుచేసిన నేరానికి విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడట; ఎర్రటి మరకలు కూడా చూపించాడు. కల్యాణమండపం అందుకే సగంలో ఆగిందట. తల యెత్తి కప్పు చూడమన్నది చివర రెండు నిమిషాలు మాత్రమే!

రాజుగారి సొమ్మా? రాజుకు నాగలి వున్నదా, మగ్గం వున్నదా? ఆలయానికి వూళ్ళకు వూళ్ళు దానమిచ్చినట్లు శాసనాలు చెపుతున్నవి. ఆ వూళ్ళలో దున్నినవాడి పంటే కదా ఈ రాయీ, ఈ సున్నమూ, ఈ రంగులూ!

కప్పుమీదవన్నీ పురాణగాథలే. పార్వతీ కల్యాణం వున్నది, కిరాతార్జునీయం వున్నది. సుమారు ఇరవైనాలుగు అడుగుల పొడవున వీరభద్రుడు పరచుకొని వున్నాడు. కాని కథను కాసేపు పక్కన పెట్టి గుడ్డలను చూడండి. ఒక స్త్రీ చీర మరొక స్త్రీ చీరలా లేదు. చారలు, గళ్ళు, పువ్వులు, హంసలు. అంచు వేరు, కొంగు వేరు. మగవాళ్ళ తలలమీద పొడుగాటి కుళ్ళాయిలు. ఇవి స్వర్గంనుంచి దిగినవి కావు. ప్రబంధాల్లోని వస్త్రాల పేర్లను పిల్లలచేత బట్టీ పట్టిస్తున్న మనం, ఆనాటి బట్ట ఎట్లా వుండేదో చూపించవలసి వస్తే ఈ కప్పు కిందకే తీసుకురావాలి. చిత్రకారుడు దేవుడి పెళ్ళి గీయమంటే తన వూరి పెళ్ళి గీశాడని నా నమ్మకం.

కట్టించిన సోదరులు మాత్రం తమ బొమ్మలను మరచిపోలేదు. పరివారంతోసహా భక్తిగా నిలబడ్డారు. గీసినవాడి బొమ్మ లేదు, పేరు లేదు. ఆవరణలో బండమీద గుంటలు చేసిన పళ్ళేలున్నవి, కూరలకు వేరువేరు గిన్నెలతో సహా. గుడి కట్టిన పనివాళ్ళు వాటిలోనే తిన్నారని వూరివాళ్ళంటారు. కప్పుమీద యజమాని, నేలమీద కూలివాడి కంచం!

మన మిత్రులను ఒకటడుగుతాను. మన సభావేదికల వెనుక కట్టే తెరమీద పిడికిలి, ఉదయసూర్యుడు, కొడవలి పట్టిన రైతు వుంటారు. ఆ రైతు ఏ సీమవాడో పంచెకట్టునుబట్టి చెప్పగలరా? అర్జునుడి కథలో సైతం తన సీమ మనిషిని దింపిన అజ్ఞాతుడు మనకంటె వాస్తవికవాది కాడా? ఈ మాట కొందరికి కష్టం కలిగించవచ్చు. కలగనివ్వండి.

పురావస్తు శాఖ రక్షణలో వున్నా చాలాచోట్ల రంగు వెలిసింది, గార పెచ్చులూడింది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది గనుక యాత్రికులు పెరుగుతారు, ‘లే పక్షీ’ కథా పెరుగుతుంది. హస్తకళల దుకాణాలకు ఏనాడో లేపాక్షి పేరు పెట్టారు; ఆ అంచులు నేసినవాడి సంగతి ఏ పాఠ్యపుస్తకంలో వున్నది?

వచ్చే సెలవుల్లో మా విద్యార్థులు ఆ చీరల అంచులను ఒక్కొక్కటిగా కాగితంమీదికి ఎత్తుకొంటారు. వాటిని ధర్మవరం తీసుకువెళ్ళి, వీటిలో ఏవి ఇంకా నేస్తున్నారో, ఏవి ఎప్పుడు ఆగిపోయాయో, ఎందుకు ఆగిపోయాయో మగ్గాల దగ్గర కూర్చొని అడుగుతారు. తక్కిన కళాశాలలవారు కూడా రావచ్చు. కాగితం, పెన్సిలు తెచ్చుకొంటే చాలు.