జర్మనీలో వలంటీరు ఏడాది: గది ఎవరిస్తారు?

‘ఏడాది వలంటీరుగా చెయ్యి, జర్మనీలో సెటిలైపో’ అంటూ ఈ మధ్య రీల్స్ తెగ తిరుగుతున్నాయి. పూర్తిగా అబద్ధమని చెప్పలేం. చెప్పకుండా వదిలేసే లెక్కే అసలు సంగతి.

అక్కడ ప్రధానంగా రెండు పథకాలున్నాయి. నిర్బంధ సైనిక సేవను 2011లో ఆపేసినప్పుడు మొదలైనది బీఎఫ్‌డీ. దీనికి గరిష్ఠ వయసు లేదు. రెండోది 27 ఏళ్లలోపు వారికి, ఎఫ్‌ఎస్‌జే. రెండూ సాధారణంగా 12 నెలలు. వృద్ధాశ్రమం, ఆస్పత్రి, దివ్యాంగుల కేంద్రం లాంటి చోట్ల దాదాపు పూర్తికాలం పని. ఆరోగ్య బీమాతో సహా సామాజిక బీమా సొమ్ము సంస్థే కడుతుంది. చేతికి వచ్చేది మాత్రం జీతం కాదు, జేబుఖర్చు. 2025లో దాని గరిష్ఠ పరిమితి నెలకు 644 యూరోలు. గరిష్ఠం అన్నారు కదా, చాలాచోట్ల ఇచ్చేది అంతకన్నా తక్కువే.

ఇప్పుడు ఇంకో అంకె చూడండి. చదువుకోవడానికి వచ్చే విద్యార్థి బతకడానికి నెలకు 992 యూరోలు కావాలని అదే జర్మనీ లెక్కగట్టి, ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించమంటోంది. అంటే సంస్థ గది, భోజనం ఇవ్వకపోతే ఈ జేబుఖర్చుతో సొంతంగా నెట్టుకురావడం కుదరదు. మ్యూనిక్ లాంటి నగరంలో అయితే మొత్తం డబ్బు ఒక్క గది అద్దెకే చాలదు.

అద్దెలోనూ మెలిక ఉంది. ప్రకటనలో ‘కాల్ట్’ అని ఉంటే ఉత్త అద్దె. ‘వార్మ్’ అంటే హీటింగ్, నీళ్లు, చెత్త ఖర్చు కలిపి. కరెంటు చాలాసార్లు విడిగానే. అడ్వాన్సు మూడు నెలల ఉత్త అద్దె దాకా అడగొచ్చు. టీవీ లేకపోయినా ఇంటికొకటి చొప్పున నెలకు 18.36 యూరోల ప్రసార రుసుం. నలుగురు కలిసి ఉంటే అది నాలుగు వాటాలవుతుంది, ఒంటరిగా ఉంటే మొత్తం మీదే. షేరింగ్ ఫ్లాట్‌కి అంత గిరాకీ ఊరికే రాలేదు.

పొదుపు చిన్న చిన్న విషయాల్లోనే ఉంటుంది. హీటర్ వాల్వ్‌ను 3 మీద ఉంచితే గది దాదాపు 20 డిగ్రీలుంటుంది. 5కి తిప్పితే త్వరగా వేడెక్కదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. చలని కిటికీలు మూసేసి రోజూ అన్నం, సాంబారు వండితే ఆవిరికి గోడలు బూజు పడతాయి. అందుకే చలికాలంలోనూ రోజుకి రెండుమూడుసార్లు కిటికీ బార్లా తెరవాలి. ఆదివారం సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూతే కాబట్టి సరుకులు శనివారమే తెచ్చుకోవాలి. సీసాలు పారేయొద్దు, ప్లాస్టిక్ సీసా వెనక్కిస్తే సాధారణంగా 25 సెంట్లు వస్తాయి.

మరి ఎవరికి పనికొస్తుంది? నర్సింగ్‌లోకో, జర్మనీలో వృత్తి శిక్షణకో వెళ్లాలనుకునేవాళ్లకు భాష, పని వాతావరణం రెండూ అలవాటవుతాయి కాబట్టి నా దృష్టిలో మంచి దారే. కోడింగ్ ఉద్యోగం కోసం చూస్తున్న బీటెక్ వాళ్లకు మాత్రం రెజ్యూమెలో వృద్ధాశ్రమం అనుభవం పెద్దగా పనిచేయదు, నేర్చుకున్న జర్మన్ పనిచేస్తుంది. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ నెత్తిన ఉన్నవాళ్లయితే ఈ డబ్బులోంచి ఇంటికి పంపగలమన్న ఆశ పెట్టుకోవద్దు.

దరఖాస్తు నేరుగా సంస్థకే పెట్టొచ్చు, కన్సల్టెన్సీ తప్పనిసరి కాదు. బీఎఫ్‌డీ ఒప్పందంలో డబ్బు ఎంతో, వసతి, భోజనం ఇస్తారో లేదో రాసి ఉండాలి. సంతకానికి ముందు సంస్థకు ఒక మెయిల్ పెట్టండి: గది మీరే ఇస్తారా, అందులో ఎంతమంది ఉంటారు, సెలవు రోజుల్లో భోజనం ఎలా?