ముందు చెవి, తర్వాతే పానా

పాత కారు నిలిచినచోట వణికితే చాలు, మనవాళ్ళు ముక్తకంఠంతో ఇచ్చే తీర్పు ఒకటే: "కార్బొరేటర్ పోయింది, మార్చెయ్యండి." విచారణ లేదు, సాక్ష్యం లేదు, నేరుగా ఉరిశిక్షే! నంద్యాల నుండి ఆళ్ళగడ్డ దాకా సుమారు 40 కిలోమీటర్ల దారిలో ఈ తీర్పు ఎన్ని షెడ్లలో విన్నానో లెక్కలేదు. దీన్ని ఖండించడమే ఈ టపా ఉద్దేశం.

మాది పెట్రోలు అంబాసిడర్. 1489 సీసీ ఇంజను, ఎస్.యు. కార్బొరేటర్. వేడెక్కాక కూడా రైల్వే గేటు దగ్గర ఆపితే ఒళ్ళంతా వణుకు. రోడ్డెక్కితే సుఖంగా పోతుంది. ఒకానొక షెడ్డులో బానెట్ ఎత్తిన రెండో నిమిషానికే కార్బొరేటర్ విప్పబోయారు. వద్దన్నాను. "మీకు తెల్దులే సార్" అన్నారు. చివరకు దొంగ దొరికినది మానిఫోల్డు ప్యాకింగు దగ్గర. ఇంజను నడుస్తుండగా ఆ అతుకు మీద కాసిని నీళ్ళు చిలకరించగానే శబ్దం మారింది. అక్కడ గాలి లోపలికి పోతోందన్నమాట.

ఇందులో మాయ లేదు. స్లోలో ఉన్నప్పుడు త్రోటిల్ దాదాపు మూసుకొని ఉంటుంది, ఇంజను పీల్పు మానిఫోల్డులో బలంగా ఉంటుంది. సన్నని పగులు నుండి దూరిన గాలి కూడా మిశ్రమాన్ని పలుచన చేస్తుంది. వేగం పెరిగితే లోనికి వచ్చే గాలే ఎక్కువ గనుక, ఆ దొంగగాలి లెక్కలోకి రాదు. అంటే వణుకు ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అన్న ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఆ ప్రశ్న అడిగేవారే కరువు.

పరీక్షకు క్రమం ఒకటి ఉంది. మొదట నిప్పు. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూడాలి (షాకు కొట్టని పట్టకారుతో సుమా). తీయగానే ఇంజను ఇంకా కుంగితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్లు; ఏ మార్పూ లేకపోతే లోపం అక్కడే. పాయింట్ల సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉన్నదో లేదో చూడాలి. తరువాత గాలి. అన్నిటికన్నా చివర కార్బొరేటర్. దాన్నైనా విప్పనక్కరలేదు. లోపలి పిస్టన్‌ను పిన్నుతో మిల్లీమీటరు లోపు ఎత్తితే చాలు: వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, కాస్త పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్లు.

ఇప్పుడు మరో నిందితుడు కూడా దొరికాడు: ఇథనాల్. 2025 నాటికి దేశంలో పెట్రోలులో దాని పాలు 20 శాతానికి చేరింది. అది మిశ్రమాన్ని కొంత పలుచన చేయడం, పాత రబ్బరు గొట్టాలను పాడుచేయడం నిజమే. అయితే ఒకే సిలిండరు మూగబోయినప్పుడు కూడా పెట్రోలునే తిట్టడం ఏమి తర్కం? నాలుగింటికీ అందేది ఒకే పెట్రోలు కదా!

నా కోపం మేస్త్రీల మీదకన్నా యజమానుల మీదే. గంటసేపు చెవి ఒగ్గి విని లోపం పట్టినవాడికి వంద రూపాయలివ్వడానికి చేతులు రావు. అదే కొత్త సామాను పెట్టెలో చూపిస్తే వేలు లెక్కపెడతారు. వినడానికి కూలి ఇవ్వని ఊళ్ళో వినే మేస్త్రీ ఎలా మిగులుతాడు? "పాతబండికి ఇంత రాద్ధాంతమా, తుక్కుకు వెయ్యండి" అనే వారికొక మాట: ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. పారేసిన అసలు సామాను మళ్ళీ పుట్టదు.

ఆళ్ళగడ్డ శిల్పులకు పేరుపడ్డ ఊరు. ఉలి పెట్టేముందు రాతిని తట్టి నాదం వినడం శిల్పుల సంప్రదాయం. పలికే రాయినీ, పగిలిన రాయినీ చెవితోనే వేరుచేస్తారు. రాతికి దక్కే ఆ మర్యాద ఇంజనుకూ దక్కాలి. ఈసారి ఎవరైనా కార్బొరేటర్ మార్చమంటే, "ఏ పరీక్ష చేసి చెబుతున్నారు?" అని అడగండి. పరీక్షించి జవాబు చెప్పినవారికి, ఏ సామానూ మార్చకపోయినా సరే, నిండుగా కూలి ఇచ్చి రండి.