బడి గేటు దాకా రాని పిల్లల లెక్క ఎవరిది?

2022 ఫిబ్రవరి 1న తెలంగాణలో బడులు మళ్లీ తెరిచారు. కరోనా మొదలైన తర్వాత ఇలా తెరవడం ఇది మూడోసారి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులతో మొదలుపెట్టారు. అదే నెల 24న ఆరు నుంచి ఎనిమిది తరగతులను పిలిచారు. సరిగ్గా నెల తిరక్కుండానే, మార్చి 24న అన్నీ మూసేశారు. సెప్టెంబర్ 1న రెండోసారి తెరిచారు. 2022 జనవరి 8న సంక్రాంతి సెలవులని మూసి, ఒమిక్రాన్ పేరుతో నెలాఖరు దాకా పొడిగించారు. ఈ లెక్కలో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు 2020 మార్చి నుంచి 2021 ఆగస్టు చివరి దాకా, అంటే దాదాపు ఏడాదిన్నర, తరగతి గది ముఖమే చూడలేదు.

తెరిచిన ప్రతిసారీ జాగ్రత్తల జాబితా మాత్రం ఒకటే. మాస్కు, శానిటైజర్, థర్మామీటర్, బెంచీకి ఇద్దరు. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలోని కతోలిక బడుల్లో ఈ జాబితాను చాలా చోట్ల శ్రద్ధగానే పాటించారు. గేటు దగ్గర సిస్టర్లు నిలబడి ఒక్కో బిడ్డ చేతిలో శానిటైజర్ పోసి లోపలికి పంపారు. అందులో తప్పు పట్టాల్సింది లేదు. మా ప్రశ్న వేరే. ఈ జాగ్రత్తలన్నీ గేటు దాకా వచ్చిన బిడ్డ కోసం. గేటు దాకా రాలేకపోయిన బిడ్డ సంగతేంటి? ఆ బిడ్డ మాల వాడలోనో, మాదిగ వాడలోనో, ఫ్యాక్టరీ వెనుక రేకుల గదిలోనో ఉంటే, ఆమెను లెక్కలోకి తీసుకోకుండా బడి సురక్షితంగా తెరుచుకుందని అనగలమా?

ఫ్యాక్టరీ ఆగలేదు, బడి ఆగింది

ఈ ప్రాంతం సంగతి ముందు చెప్పుకోవాలి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, కాజిపల్లి పారిశ్రామికవాడల్లో మందుల కంపెనీలు ఎక్కువ. 2020 మార్చిలో దేశమంతా తాళం వేసినప్పుడు మందుల తయారీకి మినహాయింపు ఇచ్చారు. దేశానికి మందులు కావాలి, నిజమే. అంటే ఇక్కడి కాంట్రాక్టు కార్మికులు, హెల్పర్లు, పారిశుద్ధ్య పనివాళ్లు మొదటి వేవ్‌లోనూ రెండో వేవ్‌లోనూ షిఫ్టులకు పోతూనే ఉన్నారు. ఇరుకు గదిలో నలుగురైదుగురు కలిసి పడుకునే ఇంటికి తిరిగొస్తూనే ఉన్నారు. అదే సమయంలో కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ నిర్మాణంలో ఉన్న వలస కార్మికులు కూలి కోసం, ఇంటికి పోవడం కోసం 2020 ఏప్రిల్ 29న రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక రైలు నడిచింది. ఏళ్ల తరబడి ఇక్కడే కాపురం ఉంటున్న కుటుంబాలకు పోవడానికి రైలూ లేదు, పోతే పిల్లల చదువుకు దిక్కూ లేదు.

మరి బడి మూసి ఈ పిల్లల్ని వైరస్ నుంచి కాపాడామా? ఐసీఎంఆర్ 2021 జూన్, జూలైలో చేసిన నాలుగో సీరో సర్వే చూడండి. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం, పది నుంచి పదిహేడేళ్ల వారిలో 61.6 శాతం మందిలో అప్పటికే యాంటీబాడీలున్నాయి. దేశంలో చాలా బడులు మూసి ఉన్న కాలమది. పిల్లలకు సోకింది తరగతి గదిలో కాదు, ఇంట్లో, వాడలో. ఆ సర్వే తర్వాతే ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ బలరాం భార్గవ, తెరిస్తే ముందు ప్రాథమిక పాఠశాలలు తెరవడం మేలని, టీచర్లు, సిబ్బంది టీకా వేసుకోవాలని చెప్పారు. మన ప్రభుత్వాలు అంతకు ముందు దీనికి సరిగ్గా తలకిందులుగా, పెద్ద పిల్లలతో మొదలుపెట్టాయి.

నష్టం మాత్రం అందరికీ సమానంగా జరగలేదు. జ్యాఁ ద్రెజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో చేయించి, 2021 సెప్టెంబర్‌లో విడుదల చేసిన స్కూల్ సర్వే ఈ విషయం తేల్చింది. తెలంగాణ అందులో లేదు. కానీ మన వాడల్లో కనిపించేదే అందులోనూ కనిపించింది. గ్రామీణ ప్రాంతాల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్న పిల్లలు 8 శాతమే. దళిత, ఆదివాసీ పిల్లల్లో అయితే 4 శాతం. ఇతరుల్లో 15 శాతం. ఇక్కడ మాతో మాట్లాడిన ఒక తల్లి ఇంట్లో ఒక్కటే ఫోను. అది భర్తతో పాటే డ్యూటీకి పోతుంది. ఆన్‌లైన్ క్లాసు పొద్దున పది గంటలకు. "ఫోనొచ్చేసరికి సదువు అయిపోతది సార్" అన్నది ఆమె. పాప ఐదో తరగతి. రెండో తరగతిలో నేర్చిన గుణింతం కూడా మర్చిపోయింది.

గాలి ఎవరిది?

ఇక బడి లోపలి భద్రత. ఈ వైరస్ గాలి ద్వారా వ్యాపిస్తుందని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకున్నది. అంటే బెంచీలు కడగడం కన్నా కిటికీలు తెరవడం ముఖ్యం. వినడానికి సులభంగా, ఖర్చు లేనిదిగా ఉంది. కానీ ఇది పటాన్‌చెరు. రాత్రిపూట, తెల్లవారుజామున, మబ్బు పట్టిన రోజు బొల్లారం, కాజిపల్లి వైపు నుంచి వచ్చే ఘాటు వాసనకు ఇక్కడ జనం కిటికీలు మూసుకుని బతకడం అలవాటు చేసుకున్నారు. నక్కవాగు కాలుష్యంపై సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. అప్పుడు బడికి పోయిన పిల్లలకు ఇప్పుడు బడికి పోయే పిల్లలున్నారు. కిటికీ తెరిస్తే రసాయనాల వాసన, మూస్తే వైరస్. ఈ ప్రాంతంలో బడి భద్రత విద్యాశాఖ సర్క్యులర్‌తో తీరేది కాదు. కాలుష్య నియంత్రణ మండలి కూడా జవాబుదారీ. ఈ మాట గట్టిగా అడగగలిగే పలుకుబడి కతోలిక యాజమాన్యాలకు ఉంది. వాడకు లేదు.

జబ్బు చేసిన బిడ్డను బడికి పంపొద్దనే నియమం కూడా ఇలాంటిదే. సరైన నియమమే. కానీ కాంట్రాక్టు కూలి చేసే తల్లి బిడ్డకు జ్వరమొస్తే ఎవరికి అప్పజెప్పి పోవాలి? ఈఎస్ఐ కింద వచ్చే అనారోగ్య ప్రయోజనం కార్మికురాలి జబ్బుకే, బిడ్డ జబ్బుకు కాదు. ఆ ఈఎస్ఐ కార్డు కూడా లేని వాళ్లెందరో. కూలి పోతుందని జ్వరం మాత్ర వేసి బడికి పంపిన తల్లిని నిర్లక్ష్యం చేసిందని తిట్టడం తేలిక. ఆ పూట కూలి ఎవరిస్తారని అడగడం కష్టం.

హాస్టళ్ల ప్రశ్న మరింత సున్నితమైనది. 2021 ఆగస్టు 31న హైకోర్టు, పిల్లల్ని ప్రత్యక్ష తరగతులకు రమ్మని ఒత్తిడి చేయొద్దని చెబుతూ, గురుకులాలను అప్పుడే తెరవొద్దని ఆపింది. అక్టోబర్‌లో అనుమతించింది. నవంబర్ చివర్లో పటాన్‌చెరు మండలం ముత్తంగి బీసీ గురుకుల బాలికల పాఠశాలలో నలభై మందికి పైగా అమ్మాయిలకు, ఒక టీచర్‌కు పాజిటివ్ వచ్చింది. చదువు, తిండి, పడక ఒకే చోట ఉన్నప్పుడు ఏమవుతుందో ముత్తంగి చూపించింది. విచారణల ఆధ్వర్యంలో, సిస్టర్ల సభల ఆధ్వర్యంలో నడిచే హాస్టళ్లకు కూడా ఇదే పాఠం. అలాగని హాస్టల్ మూసేస్తే ఆ పిల్లలకు చదువూ లేదు, రెండు పూటల అన్నమూ లేదు. 2022 జనవరి 3 నుంచి మొదట పదిహేనేళ్లు నిండిన వాళ్లకే టీకా ఇచ్చారు. బడులు తెరిచేనాటికి చిన్నపిల్లలకు ఇంకా లేదు. కాబట్టి మంచాల మధ్య దూరం, జబ్బుపడితే ఉంచడానికి విడి గది, వండే, కడిగే మనుషులందరికీ రెండు డోసులు, వాళ్లు సెలవు పెట్టినా జీతం. తెరిచే ముందు చూడాల్సింది ఇవి.

ఫీజు బాకీ కూడా తాళమే

ఇంత చేసినా గేటు బయటే ఆగిపోయే పిల్లలున్నారు. వాళ్లను ఆపింది వైరస్ కాదు, బాకీ. 2020 ఏప్రిల్ 21న ప్రభుత్వం జీవో 46 తెచ్చింది. ప్రైవేటు అన్‌ఎయిడెడ్ బడులు ఫీజు పెంచొద్దని, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాలని చెప్పింది. 2021 జూన్ 28న జీవో 75తో అదే మాట మళ్లీ చెప్పింది. కానీ కూలి ఆగిన ఇంట్లో నెలనెలా కట్టే ఫీజు కూడా బాకీగానే పేరుకుంటుంది. బాకీ తీర్చకపోతే టీసీ రాదని భయపడి ప్రభుత్వ బడికీ పోని పిల్లలు మాకు ఈ వాడల్లో కనిపించారు. అటు ఇటు కాకుండా ఇంట్లో ఉండిపోయారు. అమ్మాయిలైతే తమ్ముళ్లను చూసుకుంటూ, అబ్బాయిలైతే మెకానిక్ షెడ్డులో.

కార్యకర్తలు ఒక విషయం తెలుసుకోవాలి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడానికి ఆలస్యం చేయడం గానీ నిరాకరించడం గానీ కుదరదు. చేర్చుకోవాల్సిన ప్రభుత్వ బడి ఈ చట్టానికి కట్టుబడాల్సిందే. ఈ ఒక్క మాట తల్లిదండ్రులకు చెప్పినా కొందరు పిల్లలు మళ్లీ బడిలో పడతారు.

యాజమాన్యాల కష్టమూ అబద్ధం కాదు. ఫీజులు రాక జీతాలు ఆగాయి. ప్రైవేటు టీచర్లకు ప్రభుత్వమే 2021 ఏప్రిల్ నుంచి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. ఆ టీచర్లలో మన వాడల నుంచి చదువుకుని వచ్చిన మొదటి తరం ఆడపిల్లలూ ఉన్నారు. అందుకే దీన్ని తల్లిదండ్రులకూ టీచర్లకూ మధ్య తగాదాగా మార్చకూడదు. ప్రశ్న వేయాల్సింది ఆస్తులు, నిర్ణయాధికారం ఉన్నవాళ్లను.

మైనారిటీ హక్కు ఎవరి కోసం?

సుప్రీంకోర్టు 2014 మే 6న ప్రమతి కేసులో, మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని తీర్పిచ్చింది. కాబట్టి పేద పిల్లలకు 25 శాతం సీట్లివ్వాలన్న నిబంధన కతోలిక బడులకు లేదు. రాజ్యాంగంలోని 15(5) అధికరణ కింద ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ల నుంచి కూడా మైనారిటీ సంస్థలకు మినహాయింపు ఉంది. అంటే దళిత బిడ్డను చేర్చుకోవడం, నిలబెట్టుకోవడం వారికి చట్టం పెట్టిన బాధ్యత కాదు, మనస్సాక్షికి వదిలేసిన విషయం.

ఆ మనస్సాక్షి ఎంత పని చేసిందో జాతీయ బాలల హక్కుల కమిషన్ 2021 ఆగస్టులో విడుదల చేసిన నివేదిక చెప్తుంది. క్రైస్తవ బడుల్లో 74 శాతం పిల్లలు క్రైస్తవేతరులు. మైనారిటీ బడులన్నింటిలో కలిపి, సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన పిల్లలు 8.76 శాతమే. ఈ నివేదికను మైనారిటీ హక్కుల మీద దాడికి వాడుకునే వాళ్లున్నారు. వాళ్ల ఉద్దేశం మనకు తెలుసు. 30వ అధికరణను మనం కాపాడుకోవాల్సిందే. కానీ ఆ హక్కు పేరుతో నడిచే బడిలో ఆ మైనారిటీలోనే అత్యధికులైన దళితులకు చోటు లేకపోతే, దాడి చేసే వాళ్లకు ఆయుధం మనమే ఇచ్చినట్టు.

అత్యధికులని మేమనడం కాదు. భారత కతోలిక మేత్రాణుల సమాఖ్యే 2016 డిసెంబర్‌లో దళిత సాధికారత విధానం ప్రకటిస్తూ, దేశంలోని సుమారు కోటి 90 లక్షల కతోలికుల్లో కోటి 20 లక్షల మంది దళితులని, సంఘంలో అంటరానితనం ఇంకా ఉందని ఒప్పుకుంది. హైదరాబాద్ అగ్రపీఠానికి ఇప్పుడు దళిత సముదాయం నుంచి వచ్చిన పూల ఆంథోని అగ్రపీఠాధిపతిగా ఉన్నారు. ఇది చిన్న విషయం కాదు. అందుకే ఆశ కూడా ఎక్కువ.

దళిత క్రైస్తవ బిడ్డకు వేరే తలుపులు ఎంత ఇరుకో కూడా చూడాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఆమె ఎస్సీ కాదు. తెలంగాణలో బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఎస్సీలకిచ్చే సీట్లు ఆమెకు రావు. ప్రభుత్వం ఆమెను క్రైస్తవురాలని పక్కన పెడుతుంది. క్రైస్తవ బడి ఆమెను ఫీజు కట్టలేదని పక్కన పెడితే, ఇక ఆమె ఎక్కడికి పోవాలి? మెతుకుసీమలో మిషనరీలు అడుగుపెట్టిన నాటి నుంచి మాల, మాదిగలకు గుడి, బడి, అన్నం కలిసే వచ్చాయి. గుడి మిగిలి, బడి మాత్రం కొనుక్కునే వాళ్లదైతే ఆ చరిత్రకు అర్థం లేదు.

మనం అడగాల్సింది

ప్రతి కతోలిక బడి 2020 మార్చి నాటి హాజరు పట్టీని, 2022 ఫిబ్రవరి పట్టీని పక్కపక్కన పెట్టాలి. రాని ప్రతి బిడ్డ ఇంటికి ఒక టీచర్ గానీ, సిస్టర్ గానీ, విచారణ పెద్ద గానీ పోవాలి. ఫీజు వసూలుకు కాదు, బిడ్డను పిలుచుకు రావడానికి. కరోనా కాలపు బాకీలను దళిత, కూలి కుటుంబాలకు పూర్తిగా రద్దు చేయాలి. ఖర్చును పీఠం, సభలు, పట్టణాల్లోని పెద్ద బడులు పంచుకోవాలి. వెళ్లిపోతామన్న వాళ్లకు టీసీ అదే రోజు ఇవ్వాలి. మర్చిపోయిన చదువు తిరిగి నేర్పడానికి కనీసం ఒక ఏడాది, తరగతితో సంబంధం లేకుండా, చదవడం, రాయడం, లెక్కలు మొదటి నుంచి చెప్పాలి. బడి భద్రతా కమిటీలో వాడ నుంచి ఇద్దరు తల్లులు ఉండాలి. గాలి నాణ్యత గురించి కాలుష్య నియంత్రణ మండలికి యాజమాన్యాలే ఫిర్యాదు చేయాలి. ప్రభుత్వం బీసీ-సీ పిల్లలకు గురుకులాల్లో సీట్లు పెంచాలి.

ఇవేవీ వైద్య నిపుణుల జాబితాలో ఉండవు. కానీ ఏడాదిన్నర ఇంట్లో కూర్చుని గుణింతం మర్చిపోయిన ఆ ఐదో తరగతి పాపకు ప్రమాదం ఏమిటో వాళ్లమ్మకు తెలుసు. మళ్లీ తెరిచిన మొదటి వారం ఆమె మమ్మల్ని అడిగింది ఒకటే. బాకీ ఉంది కదా, పాపను పంపితే క్లాసులో లేపి నిలబెట్టరు కదా అని. ఆ ప్రశ్నకు భయం లేకుండా జవాబు చెప్పగలిగిన రోజే ఆ బడి సురక్షితంగా తెరుచుకున్నట్టు.